పెరటి విత్తనము - తరతరముల ధనము

ఇంటి వెనుక ఒక చిక్కుడు పందిరి, నాలుగు వంగ మొక్కలు, ఒక తోటకూర మడి - ఇది మన గ్రామములకు చిరకాలముగా నున్న సంపద. నాటిన గింజ మొలకెత్తుట చూచి బాలుడెంత సంతసించునో, వృద్ధుడును అంతయే సంతసించును. జీవితాంతము తరగని యీ వేడుకకు మూలము మరుసటి యేటికి విత్తనము నిలుపుకొనుట.

నేడు అనేక గృహములలో విత్తనపు పిడత కానరాదు. అంగడిలో కొను సంకరజాతి విత్తనము మొదట బాగుగనే కాయును. కాని దాని గింజను మరల నాటిన యెడల మొక్కలన్నియు తల్లిని పోలియుండవు. కావున ఏటేట కొనవలసి వచ్చును. నాటురకము అట్లు గాదు. జాగ్రత్తగా నిలిపినచో తన గుణమును విడువదు. అట్టి రకము ఊరిలో నశించినచో ధనమిచ్చినను తిరిగి లభింపకపోవచ్చును.

విత్తనము కట్టుట కష్టమైన పని కాదు. తెగులు సోకని మంచి మొక్కపై రెండు మూడు కాయలను కోయక విడువవలెను. వంకాయ పసుపుబారి పండవలెను. సొరకాయ తీగపైననే ఎండి, ఊపినప్పుడు గింజలు గలగలలాడవలెను. టొమాటో గుజ్జును ఒకటి రెండు దినములు ఊరనిచ్చి కడిగినచో గింజ జిగురు వీడును. చిక్కుడు చాలవరకు తన పుప్పొడితోనే కాయకట్టును గనుక రకము అంతగా చెడదు. బీర, సొర, గుమ్మడి పూవులకు కీటకములు పుప్పొడిని చేరవేయును. కావున దగ్గరలో ఒకే జాతికి చెందిన రెండు రకములను వేయరాదు. గింజలను నీడన బాగుగా ఆరబెట్టి, బూడిద కలిపి, చెమ్మ తగులని పాత్రలో భద్రపరుపవలెను. ఉల్లి విత్తనము ఏడాదికే మొలకశక్తిని చాలవరకు కోల్పోవును. వంగ, టొమాటో విత్తనములు మూడు నాలుగేండ్లు నిలుచును.

రైతు తన విత్తనమును దాచుకొనుటకు, విత్తుకొనుటకు, ఇచ్చిపుచ్చుకొనుటకు గల హక్కును 2001 నాటి మొక్కల రకముల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టము గుర్తించినది. జహీరాబాదు ప్రాంతమున మహిళా సంఘములు చిరుధాన్యముల విత్తనములను ఊరిలోనే నిలువచేసి, ఇది సాధ్యమని నిరూపించినవి.

పంచాయతీ సభ్యులకు మేము సూచించునది ఇది. ఏరువాక పున్నమికి ముందు ఒక దినమున గ్రామస్థులను సమావేశపరుపుడు. ప్రతి గృహమువారును తమ పెరటి విత్తనమును పిడికెడు తెచ్చునట్లు చూడుడు. రకము పేరు, ఇచ్చినవారి పేరు, సంవత్సరము ఒక పుస్తకమున వ్రాయింపుడు. తీసికొనినవారు మరుసటి యేడు రెండింతలు తిరిగి యీయవలెనని నియమము పెట్టుడు. ఏ రకము ఒక్క ఇంటనే మిగిలియున్నదో ఆ పుస్తకమే తెలుపును. దానిని ముందుగా పది పెరళ్ళకు పంచుడు. ఇందులకు వలసిన వ్యయము స్వల్పము. శ్రద్ధ మాత్రము మిక్కిలి యవసరము.