చెప్పుకు లేని కులం కుట్టినవాడికి ఎందుకు?

ఖమ్మం నగరంలో కలిసిపోయిన ఖానాపురం హవేలి మాది. మా తాత చెప్పులు కుట్టేవాడు. లందలో తంగేడు చెక్క వేసి తోళ్లు నానబెట్టేవాడు. బడిలో నా పక్కన కూర్చోవడానికి కొందరు పిల్లలు వెనుకాడితే, మా ఒంటి నుంచి వచ్చే ఆ వాసనే కారణమని చాలాకాలం నమ్మాను.

ఈ మధ్య ఒక పూర్వ విద్యార్థిని పెళ్లికి కానుక కొందామని హైదరాబాద్ బంజారాహిల్స్‌లోని ఒక బుటిక్‌కు వెళ్లాను. గాజు తలుపు, మసక వెలుతురు, చెక్కపీట మీద ఒకే ఒక్క చెప్పుల జత. ధర ఆరువేల ఎనిమిది వందలు. ‘‘చెట్టు బెరడుతో పదును చేసిన తోలు సార్, రసాయనాలు ఉండవు’’ అని అక్కడి అమ్మాయి మర్యాదగా చెప్పింది. చేతిలోకి తీసుకుంటే మా ఇంటి వాసనే వచ్చింది. ఊరు ముక్కు మూసుకున్న వాసనకు నగరం ‘సహజం’ అని పేరు పెట్టి అమ్ముతున్నది.

తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పం. దాని పువ్వు బతుకమ్మ మీదికి ఎక్కింది, చెక్క లందలోకి దిగింది. పువ్వును పూజించిన సమాజమే చెక్కను వాడినవాడిని ఊరి చివర నిలబెట్టింది. మా తాత చెప్పులకు ధర ఉండేది కాదు. కళ్లం దగ్గర దొర కొలిచి పోసిన గింజలే కూలి. ఇంత కావాలని అడిగే హక్కు ఆయనకు లేదు. ఈనాడు ఆ పనికి ధర వచ్చింది గాని, ధర నిర్ణయించే హక్కు మాత్రం పనివాడి చేతికి రాలేదు.

ఆ దుకాణంలో మరో గోడకు అద్దాల కుట్టు సంచులు వేలాడుతున్నాయి. బంజారాలు ఉండిన కొండలు కనుకనే ఆ ప్రాంతానికి బంజారాహిల్స్ అనే పేరు వచ్చిందని చెబుతారు. వారి పేరు కొండకు మిగిలింది, వారి కుట్టు గోడకు మిగిలింది. ఆ కొండ మీద దుకాణం తెరవగలిగిన బంజారా మహిళలు ఎందరు?

చేనేత కథ కూడా ఇంతే. 2019-20 నాటి నాలుగవ అఖిల భారత చేనేత గణన ప్రకారం సుమారు మూడింట రెండు వంతుల చేనేత కుటుంబాల నెలసరి ఆదాయం ఐదు వేల రూపాయలలోపే. చేనేత అనగానే పద్మశాలీలు, దేవాంగులు గుర్తుకొస్తారు. ముతక బట్ట నేసిన దళితులు ఆ జ్ఞాపకంలోనూ లేరు. ఎస్సీ జాబితాలోని ‘మాల సాలె’, ‘నేతకాని’ అనే పేర్లలోనే మగ్గం ఉన్నది. బుటిక్ చీర అంచుకు తగిలించిన చీటీలో ఊరి పేరు ఉంటుంది, నేత పద్ధతి ఉంటుంది, డిజైనర్ పేరు ఉంటుంది. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న మనిషి మాత్రం ఉండడు.

చట్టం కాపాడుతుంది కదా అనవచ్చు. పోచంపల్లి ఇక్కత్‌కూ, కొల్హాపురి చెప్పులకూ భౌగోళిక గుర్తింపు ఉన్నది. కాని 1999 నాటి ఆ చట్టం రెండో సెక్షన్‌ను చదవండి. చేతివృత్తుల వస్తువులకు సంబంధించి ‘ఉత్పత్తిదారు’ అంటే తయారుచేసేవాడే కాదు, ఆ ఉత్పత్తితో వ్యాపారం చేసేవాడు కూడా. గుంటలో కూర్చున్నవాడినీ గల్లాపెట్టె ముందు కూర్చున్నవాడినీ ఒకే మాటలో కలిపేశాక, ఆ గుర్తింపు ఫలితం ఎవరి చేతికి పోతుందో చెప్పనక్కరలేదు. 2025 జూన్‌లో మిలాన్ వేదిక మీద ప్రాడా సంస్థ కొల్హాపురిని పోలిన చెప్పులను ప్రదర్శించినప్పుడు దేశమంతా ఆగ్రహించింది. పరాయి దేశం మన సంస్కృతిని దొంగిలించిందని మండిపడినవారిలో ఎందరు, ఆ చెప్పు కుట్టే చర్మకారుడిని ‘మనవాడు’ అనుకున్నారు?

మరో దారి లేకపోలేదు. ముంబైలో సుధీర్ రాజ్‌భర్ తన సంస్థకు ‘చమార్ స్టూడియో’ అని పేరు పెట్టాడు. తిట్టుగా వాడిన మాటనే సంచి మీద ముద్రగా మార్చి, దళిత చేతివృత్తులవారితో కలిసి పనిచేస్తున్నాడు. అయితే పేరు ఒక్కటే చాలదు. వాటా లేని పేరు మరో అలంకారమే అవుతుంది.

బుటిక్‌లను బహిష్కరించమని నేను చెప్పడం లేదు. ప్లాస్టిక్ చెప్పులు వచ్చి మా తాత పనిని మింగేశాయి. చేతిపనికి కాస్తయినా గిరాకీ ఇస్తున్నది ఈ చిన్న దుకాణాలే. అందుకే వాటిని అడగాలి. చీటీ మీద తయారుచేసినవారి పేరుతో పాటు, ధరలో వారికి అందిన మొత్తం రాయాలి. చట్టంలో ఉత్పత్తిదారుని, వ్యాపారిని వేరుచేయాలి. 2016లో మొదలైన స్టాండప్ ఇండియా పథకం ప్రతి బ్యాంకు శాఖ కనీసం ఒక ఎస్సీ లేక ఎస్టీకి పది లక్షల నుంచి కోటి రూపాయల వరకు రుణమివ్వాలన్నది. కాని బంజారాహిల్స్‌లో దుకాణానికి అప్పు ఒక్కటే సరిపోదు. అడ్వాన్సు, ఇంగ్లిషు, పరిచయాలు కావాలి. తరతరాలుగా కులం కూడబెట్టిపెట్టిన పెట్టుబడి అదే. కనుక నగరాల నడిబొడ్డున ప్రభుత్వ స్థలాల్లో వృత్తికులాల సహకార సంఘాలకు తక్కువ అద్దెకు దుకాణాలు ఇవ్వాలి.

చెప్పును తిరగేసి కుట్టు చూస్తుంటే ఆ అమ్మాయి, ‘‘మీకు లెదర్ గురించి బాగా తెలుసా సార్?’’ అన్నది. ‘‘మా తాత కుట్టేవాడమ్మా’’ అన్నాను. ‘‘ఓ, డిజైనరా!’’ అన్నది. ఆమె ఎగతాళి చేయలేదు, నిజంగానే అడిగింది. ఔనన్నాను. ఆయన బతికుండగా ఆ మాట ఎవరూ అనలేదు.

కులం పోవడమంటే ధర చీటీ మీద కులం కనిపించకపోవడం కాదు. ఆ చీటీ రాసే కలం, గల్లాపెట్టె తాళం చెవి కుట్టిన చేతికి అందడం.