గుంటూరు ముఖం చూడకుండానే మన తీరం గీసేశాడు

ఫ్రెంచోళ్లు అనగానే మనకి యానాం, పుదుచ్చేరి గుర్తొస్తాయి. కానీ 1750ల్లో కొన్నేళ్లపాటు మన కొండవీడు సీమ కూడా వాళ్ల చేతిలోనే ఉంది. హైదరాబాద్‌లో సలాబత్ జంగ్ గద్దెకి కాపలా కాసింది ఫ్రెంచ్ సేనాని బుస్సీ. మరి ఆ సైన్యానికి జీతాలు ఎవరివ్వాలి? కొండవీడు, నిజాంపట్నం అప్పటికే ఫ్రెంచోళ్లకి వెళ్లిపోయాయి. అవి చాలక 1753లో కొండపల్లి, ఏలూరు, రాజమండ్రి, శ్రీకాకుళం సర్కార్ల శిస్తు కూడా రాసిచ్చేశారు. అంటే ఆ జీతాలు కట్టింది ఇక్కడి రైతులే అన్నమాట.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1752లో, ఫ్రెంచ్ ఈస్టిండియా కంపెనీ కోసం పారిస్‌లో ఇండియా మ్యాప్ ఒకటి అచ్చయింది. గీసింది డాన్‌విల్. విచిత్రం ఏంటంటే ఆయన ఇటువైపు ఎప్పుడూ రాలేదు! ఓడల లెక్కలు, జెస్యూట్ పాదరీల ఉత్తరాలు, బాటసారులు రాసుకున్న దూరాలు పక్కపక్కన పెట్టి, ఏది నమ్మొచ్చో తేల్చుకుని గీశాడు. ఆధారం లేని చోట బొమ్మలతో నింపకుండా ఖాళీగా వదిలేసేవాడు. ఆ లెక్కలన్నీ ఎలా తేల్చాడో మరుసటి ఏడాది ఏకంగా ఓ పుస్తకమే రాశాడు. నాకైతే మ్యాప్ కన్నా ఈ పట్టుదలే ఎక్కువ నచ్చింది.

అప్పట్లో మ్యాప్ అంటే రాగి రేకు మీద చెక్కాల్సిందే. ప్రతి అక్షరాన్నీ అద్దంలో కనిపించినట్టు తిరగేసి చెక్కాలి. గీతల్లో సిరా నింపి, పైన తుడిచేసి, తడి కాగితం పెట్టి గట్టిగా నొక్కుతారు. అందుకే అసలు మ్యాప్‌లో చుట్టూ రేకు అంచు నొక్కుకున్న గుర్తు ఉంటుంది. రంగులుంటే అవి చేత్తో వేసినవే. ఆన్‌లైన్‌లో ‘యాంటిక్’ అని ఎవరైనా అమ్ముతుంటే ఫోన్ కెమెరాతో దగ్గరగా జూమ్ చేయండి. సన్నసన్నని రంగు చుక్కలు కనబడ్డాయా? అది ఈ మధ్య ప్రింట్ కొట్టిందే, డబ్బులు దాచుకోండి.

ఇక మ్యాప్‌లో కనబడనిది ఒకటుంది. ఐరోపా కంపెనీలు ఈ తీరానికి ఎగబడింది మన బట్ట కోసం. నల్లరేగడి పత్తి, మన నేతగాళ్ల పని, నిజాంపట్నం చుట్టుపక్కల దొరికే చిరువేరుతో అద్దిన ఎరుపు. ఆ మనుషుల ఊసు ఏ గీతలోనూ ఉండదు. రేవులు, కోటలు, సరిహద్దులు, అంతే.

ఫ్రెంచోళ్ల ముచ్చట ఎక్కువ కాలం సాగలేదు. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట ఇంగ్లిషోళ్ల పరమైంది. గుంటూరు సర్కారు మాత్రం నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ దగ్గరుండి, 1788లో గానీ వాళ్ల చేతికి రాలేదు.

డాన్‌విల్ మ్యాపుల్ని ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయం వారి గాలికా సైట్‌లో ఫ్రీగా చూడొచ్చు. పాత మ్యాపుల్లో మన పేర్లతో వెతికితే ఊళ్లు దొరకవు. కొండవీడుని ‘కొండవీర్’ అనేవాళ్లు, నిజాంపట్నాన్ని ‘పేటపోలి’, గుంటూరు సర్కారుని ‘ముర్తజానగర్’ అని కూడా రాసేవాళ్లు. ముందు కృష్ణ సముద్రంలో కలిసే చోటు పట్టుకుని, అక్కడి నుంచి కిందికి దిగండి.