హైదరాబాద్ నుండి జిద్దాకు ఎన్ని గంటలు?

హజ్‌కో ఉమ్రాకో బయలుదేరే వారింట టికెట్టు చేతికందగానే వినవచ్చే ప్రశ్న ఒకటే: "ప్రయాణం ఎన్ని గంటలు?" దానిపై వేళలు చూసి మూడు గంటలేనని కొందరు సంబరపడతారు. తిరుగు టికెట్టు చూసి ఏడు గంటలా అని కంగారుపడతారు. నిజానికి ఈ రెండు లెక్కలూ సరికావు. ఇహ్రాం సవ్యంగా జరగడం కూడా ఈ గంటల మీదే ఆధారపడి ఉంది గనుక, ఈ వారం ఆ సంగతి పాఠకులకు వివరించదలిచాం.

హైదరాబాద్ నుండి జిద్దాకు ఆకాశమార్గాన తిన్నగా కొలిస్తే దూరం సుమారు 4,100 కిలోమీటర్లు. జెట్ విమానం వేగం గంటకు దాదాపు 850 కిలోమీటర్లు. ఆ లెక్కన ఐదు గంటల్లోపే చేరాలి. కాని పైకి లేచేటప్పుడు, కిందికి దిగేటప్పుడు వేగం తక్కువ. దారి కూడా గీత గీసినట్లు ఉండదు. అందువల్ల ఐదున్నర నుండి ఆరు గంటలు పడుతుంది. చలికాలంలో ఆ ఎత్తున పడమటి గాలులు బలంగా వీస్తాయి. వెళ్లేటప్పుడు అవి ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనుకగాలి. అందుకే తిరుగు ప్రయాణం దాదాపు ఐదు గంటల్లో ముగుస్తుంది.

మరి టికెట్టులో తేడా ఎందుకు? సౌదీ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనుక ఉంటుంది. ఇక్కడ ఉదయం 11 గంటలకు బయలుదేరి, ఐదు గంటల 45 నిమిషాలు ప్రయాణిస్తే, దిగేసరికి మన గడియారంలో సాయంత్రం 4.45, అక్కడ మధ్యాహ్నం 2.15. టికెట్టుపై వేళలన్నీ ఆయా ఊళ్ల వేళలే.

రమజాన్‌లో వెళ్లేవారు మరో సంగతి గమనించాలి. పడమరకు పోతున్న కొద్దీ పగలు పెరుగుతుంది. ఇఫ్తార్‌ను ఇంటి గడియారం చూసి కాదు, తాము ఉన్న చోట సూర్యాస్తమయాన్ని బట్టి చేయాలి. ప్రయాణికునికి ఉపవాసం మాని తర్వాత పూర్తిచేసుకునే సౌలభ్యం ఎలాగూ ఉంది.

అన్నిటికంటే ముఖ్యమైనది మీఖాత్. ఇహ్రాం లేకుండా దాటరాని హద్దు అది. 1995లో హజ్ ఓడలు ఆగిపోయేవరకు బొంబాయి నుండి సముద్రంపై వెళ్లే హాజీలకు సిద్ధం కావడానికి రోజుల తరబడి వ్యవధి ఉండేది. విమానంలో ఆ తీరిక లేదు. తూర్పు నుండి వచ్చే విమానాలు సాధారణంగా తాయిఫ్ సమీపంలోని ఖర్నుల్ మనాజిల్ మీఖాత్ మీదుగానో, దాని దరిదాపుల్లోనో సాగుతాయి. అప్పటికి జిద్దాలో దిగడానికి ఇంచుమించు అరగంటే మిగిలి ఉంటుంది. పూర్తి వేగంతో పోయే విమానం నిమిషానికి 14 కిలోమీటర్లు దాటుతుంది. పది నిమిషాల కునుకు చాలు, హద్దు వెనకబడిపోతుంది. అలా దాటినవారు తిరిగి మీఖాత్‌కు వెళ్లాలి, లేదా దమ్, అంటే పరిహారంగా ఖుర్బానీ ఇవ్వాలని అధిక సంఖ్యాక ఉలమాల అభిప్రాయం.

కనుక గుసుల్ చేసి, ఇహ్రాం దుస్తులు ఇంట్లోనో ఇక్కడి విమానాశ్రయంలోనో ధరించడం మేలు. వాటిని సామానులో వేసి పంపితే దారిలో చేతికి రావు. నియ్యత్, తల్బియా మాత్రం మీఖాత్ ప్రకటన వినగానే చేయవచ్చు. నిద్ర పడుతుందన్న భయముంటే ముందే చేసుకోవచ్చు. మొదట మదీనాకు వెళ్లేవారికి ఈ తొందర లేదు. వారు అక్కడి నుండి మక్కాకు బయలుదేరినప్పుడు జుల్ హులైఫా వద్ద ఇహ్రాం కట్టుకుంటారు.

ఇంట్లో పెద్దవారు ప్రయాణమవుతుంటే పిల్లలు ఈ వేళలను ఒక చీటీపై పెద్ద అక్షరాలతో రాసి ఇవ్వాలని మా మనవి. యాత్రికులందరి ప్రయాణాన్ని అల్లాహ్ సులభతరం చేయుగాక!