బొంత పఱచుటకు చోటు

ఇల్లు ఇరుకటము, ఆలు మర్కటము అని మనలో నొక సామెత కలదు. దీనిని పుట్టించిన మహానుభావుడు ఆ రెండును వేర్వేఱు కష్టములని యెంచినట్లున్నాడు. ఇరుకింటిలో నొక బొంతను పఱచి, పొరలు పేర్చి, కుట్టబూనిన యిల్లాలిని ఒక్కదినము చూచియుండినచో, మొదటిదే రెండవదానికి కారణమని గ్రహించి యుండెడివాడు. సోఫా క్రిందికి దూఱుట, బల్లమీదుగా దాటుట, మంచము కోళ్ళ నడుమ ప్రాకుట మొదలగు మర్కటకృత్యము లన్నిటిని ఆ యిల్లే యామెచేత చేయించును.

బొంతకు వలయు వస్తువులు మిక్కిలి స్వల్పములు. కట్టి కట్టి మెత్తనైన నూలుచీరలు, పాతపంచెలు, దారము, సూది. ఇవి లేని కొంప లేదు. బంగాళమున కంథ యనియు, బీహారున సుజని యనియు, మహారాష్ట్రమున గోధడి యనియు, కన్నడసీమలో కౌది యనియు దీనికి పేర్లు. కంథ యను మాట సంస్కృతముననే కలదు. భజగోవింద స్తోత్రములోని విరాగి ధరించినదియు కంథయే. ఆ విరాగికి స్థలపుచింత లేదు. వీథి యంతయు నాతనిదే. ఇల్లంతయు తనదని పిలువబడు గృహిణికి మాత్రము ఒక బొంత పఱచుటకు చోటు దొరకుట లేదు.

లెక్క చూతము. ఒక మనిషి కప్పుకొను బొంత 5 అడుగుల వెడల్పు, 7 అడుగుల పొడవు ఉండవలయును. దానిని నేలపై పఱచి, చుట్టును మోకాళ్ళమీద తిరుగుటకు ఒక్కొక్క ప్రక్క అడుగున్నరయైన విడువవలయును. అనగా 8 అడుగుల వెడల్పు, 10 అడుగుల పొడవు గల ఖాళీ నేల కావలయును. నేటి ఫ్లాటులలో అనేకముల పడకగదియే అంత యుండును; అందు మంచము, బీరువా, బట్టల స్టాండు, పిల్లవాని పుస్తకముల బల్ల. వీనినన్నిటిని తీసివేసి చూచినను నేల మిగులకపోదు. కాని మిగిలినది మంచము చుట్టు పట్టెలు పట్టెలుగా మిగులును. నడచుటకు చాలిన చోటు వేఱు, పఱచుటకు చాలిన చోటు వేఱు.

ఇంత నేల యేల, ఒడిలో పెట్టుకొని కుట్టరాదా యని అడుగువారు కలరు. వారు బొంత కుట్టినవారు కారు. ఒకదానిమీద నొకటి పేర్చినంతమాత్రమున నాలుగు వస్త్రములు ఒక్క వస్త్రము కావు. సూది దిగి లేచిన ప్రతిమాఱు పైపొర యించుక ముందునకు జరుగును. క్రిందిపొర యున్నచోటనే యుండును. ఒక్క కుట్టులో ఆ జరుగుడు వెంట్రుకవాసి, కంటికి తెలియదు. వరుస తుదకు వచ్చునప్పటికి పైన ముడుతయు, క్రింద ఉబ్బును తేలును. దానిని సరిచేయుటకు విప్పుట తప్ప వేఱు మార్గము లేదు. అందుచేత ముందుగా పొరలన్నిటిని చదునుగా పఱచి, నడుమనుండి అంచులవైపునకు అఱచేతితో రాచుచు, జానెడేసి యెడమున పొడుగాటి తాత్కాలికపు కుట్లు వేయుదుము. దర్జీలు దీనిని కచ్చాకుట్టు అందురు. నడుమనుండి ఆరంభించుటలో రహస్యమేమనగా, వస్త్రములోని వదులు చోటు చిక్కినవైపునకు పోవును; అంచులు తెఱచియున్నచో అంచులవైపునకు పోయి మాయమగును; అంచులు ముందే కుట్టినచో నడుమ చేరి గుట్టయగును. కచ్చాకుట్టు పడినపిమ్మట అసలుకుట్టు ఒడిలోనైనను వేసికొనవచ్చును, రైలుబండిలోనైనను వేసికొనవచ్చును. నేల కావలసినది ఆ యొక్క పూటకే. ఆ యొక్క పూట దొరకకయే యెన్నో బొంతలు పెట్టెలలో చీరలుగా నిలిచిపోవుచున్నవి.

మండువా యిండ్లలో సావడి యుండెడిది, వీథియరుగు లుండెడివి. కావున ఆ కాలపు స్త్రీలకు ఈ బాధ లేదని తలంతుము. మా అత్తగారు దీనికి నవ్వుదురు. ఆమె పుట్టినింట సావడి పెద్దదే యైనను, మగవారు భోజనముచేసి బయటికి పోయినది మొదలు, తిరిగి వచ్చి కాళ్ళు కడుగుకొను చప్పుడు వినబడువఱకే యది ఆడువారిదట. ఆ చప్పుడు కాగానే బొంత చుట్టబడి మూలకు చేరెడిదట. అయినను నలుగురు ఆడువారు నాలుగు మూలల కూర్చుండువారు గనుక రెండు గడియలలో పని తెమలెడిది. స్థలము పెద్దదగుట యొక మేలు, చేతులు నాలుగు జతలగుట అంతకన్న పెద్ద మేలు.

మా అత్తగారికి 80 యేండ్లు. నేలమీద కూర్చుండి లేచుట మానివేసి నాలుగేండ్లయినది. మా ఆడుబిడ్డ కూతురు తొలిచూలుతో హైదరాబాదునందు రెండు గదుల ఫ్లాటులో నున్నది. ఆ బిడ్డకొఱకు అత్తగారు తమ వెంకటగిరి చీరలు రెండు, మంగళగిరి చీర యొకటి తీసి యుంచిరి. మేమున్నది అద్దెయిల్లు, ముందుగది యంతయు పుస్తకములు, కుర్చీలు. ఆమె రెండుదినములు ఇల్లు కలయజూచి, “నేను క్రింద కూర్చోలేను, నీకు పఱవను చోటు లేదు. ఇంక బొంతేమిటమ్మాయీ, బజారులో కొనుక్కోమందాము” అని చీరలను మరల పెట్టెలో పెట్టివేసిరి. బజారు బొంత చలి కాయదని కాదు. ఆమె చేతిలోని కుట్టు మా యింట నింక నెవ్వరికిని రాదు. మేము నేర్చినది సగము. ఆ పెట్టెమూత పడినచో తక్కిన సగము దానితోనే పోవును.

బయట చోట్లు వెదకితిమి. మేడమీద కావలసినంత స్థలము కలదు, గాలియు కలదు. నాలుగు మూలల నాలుగు రాళ్ళు పెట్టినను నడుమనుండి లేచు వస్త్రమును గాలి చేతినుండి లాగికొనును. సూర్యోదయమునకు ముందు గాలి పడియుండు గడియ మేలని తెలిసినవారు చెప్పుదురు. ఆ గడియలో ఏ యిల్లాలికి తీరిక? వానకాలమున నేల చెమ్మ పొరలకు పట్టును. పాఠశాల వసారా ఆదివారమున ఖాళీగా నుండును. అనుమతి యడుగుట ఉపాధ్యాయుని భార్యకు కష్టము కాదు. కాని సుద్దపొడి తుడిచి, బల్లలు జరిపి, చాప పఱచునప్పటికే పూట గడచును. అన్నిటికన్న ముఖ్యముగా అచ్చటను కూర్చుండవలసినది నేలమీదనే. కల్యాణమండపములు, ఫ్లాటుల సంఘపు హాలులు గలవారు నలుగురైదుగురు కలిసి యొకపూట తీసికొన్న చక్కగా నుండును. ఒంటరిగా పోవువారికి అవి పనికిరావు. మంచముమీద పఱచి కుట్టుదమనువారికి ఒక్కమాట: పరుపు దిగబడును, సూది దుప్పటిని కూడ పట్టును.

ఇరుకిండ్లవారు లోకమున మనమొక్కరమే కాము. అమెరికా దక్షిణసీమలలో బొంత బిగించిన కఱ్ఱచట్రమును ఇంటికప్పునుండి త్రాళ్ళతో వ్రేలాడదీసి, పగలు దించి కుట్టి, రాత్రి పైకి లాగి కట్టి, దానిక్రింద పండుకొనువారు పూర్వ ముండిరి. దూలమునకు ఉయ్యాల కట్టుట యెఱిగిన మనకు ఈ యుపాయము తోచకపోవుట వింతయే. నేటి యిండ్లకు దూలములు లేవన్నది వేఱు సంగతి. మఱియొకటి మనకు చేరువనే కలదు. కర్ణాటకమున ఉత్తర కన్నడ జిల్లాలో ఆఫ్రికా సంతతివారైన సిద్దీ స్త్రీలు కవంది యను బొంతలు కుట్టుదురు. వారు పాతచీరపై అంచునుండియే ఆరంభించి, గుడ్డముక్కలను ఒక్కొక్కటిగా మడచి పెట్టుచు, చుట్టు తిరిగి తిరిగి నడుమకు వత్తురు. కచ్చాకుట్టు అను మాటయే లేదు. నడుమనుండి పోవలెనని మేము పైన చెప్పినదానికి ఇది విరుద్ధము గదా యని సోదరీమణు లడుగవచ్చును. వారు ముందే పూర్తిగా కూర్చిన పైపొరను పఱవరు; ముక్క చేరినకొలది పొర పెరుగును గనుక, వదులును ఆ ముక్కయందే సర్దుకొందురు. అది వేఱు విద్య. మన పొరల బొంతకు అది యొప్పదు.

తుదకు మాకు చోటు దొరకినది భోజనపు బల్లమీద. అది 5 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు. దానికన్న పెద్ద బొంతను దానిపై నెట్లు పఱతుమన్న, ఒక్కసారిగా పఱవము. ఆ విధానము వివరముగా చెప్పెదము.

ముందు చీరల జరీయంచులు కోసివేయవలయును. జరీ పసివాని చర్మమును గీరును. వస్త్రములన్నిటిని ఉతికి, లోపలి పొరలకు పలుచని గంజి పెట్టి, ఇస్త్రీ చేయవలయును. గంజి పట్టిన వస్త్రము జారదు. ప్రతి పొరను నాలుగు మడతలు పెట్టి, మడత మూలను గోటితో నొక్కినచో నడిమి గుర్తు పడును. బల్ల నడుమ నొక అగ్గిపుల్లను కాగితపుటంటుతో అంటింపవలయును. ఎన్ని పొరలు పడినను చేతికి ఆ పుల్ల తగులును. ప్రతి పొర నడిమి గుర్తు దానిపైకి వచ్చిన చాలును. క్రిందిపొరను బోర్లవేసి, బల్ల అంచులకు కాగితముల కట్టలకు పెట్టు గట్టి ఇనుపక్లిప్పులతో చుట్టును పట్టింపవలయును. బిగువుగా నుండవలయును గాని సాగదీయరాదు. సాగినది క్లిప్పు తీయగానే ముడుచుకొనును. దానిపై లోపలి పొరలు, ఆపై పైపొర, ఒక్కొక్కటిని నడుమనుండి రాచుచు పఱచి, బల్లమేర మాత్రము జానెడు జానెడు దూరమున పిన్నీసులు పెట్టవలయును. పిమ్మట క్లిప్పులు తీసి, బొంతను ప్రక్కకు జరిపి, క్రిందిపొరను మరల బిగించి, తక్కిన భాగమునకు అట్లే చేయవలయును. జరిపిన ప్రతిమాఱు చేయి క్రిందికి పోనిచ్చి ముడుత యున్నదేమో తడవి చూడవలయును. వ్రేలాడు భాగము బరువుకు లాగకుండ కుర్చీలు ఆనించిన మంచిది.

బల్ల కూడ లేనివారు రెండు పొడుగాటి కఱ్ఱబద్దలు సంపాదింపవచ్చును. క్రిందిపొర నొకదానికి, పైపొర నొకదానికి చుట్టి, మూరెడు మూరెడు విప్పుచు, లోపలి పొరను నడుమ పఱచుచు, కచ్చాకుట్టు వేసికొనుచు పోవుటయే. మంచముప్రక్కనున్న పట్టె దీనికి చాలును. చిమ్మెడు జిగురులు వచ్చినవి. వానిని కిటికీలు తెఱచియే వాడవలయును. మాకు సూదియే యిష్టము.

బల్ల యున్నది గదా, ముందే యేల తోచలేదని యందురేమో. అది ఖాళీగా నుండినగదా. పరీక్షల కాలమున రెండువారములు దానిపై మావారి జవాబు పత్రముల కట్టలుండును. వానిని తీయుమని ఇంట నెవ్వరును అడుగరు. అడుగవలయునని మా అభిప్రాయమును కాదు. అవి పని గనుక. మన కుట్టు, మన యల్లిక, మన బొంత మాత్రము తీరికవేళ వినోదములని యింటివారు తలంతురు, మనమును అట్లే తలంచి, అన్నము వేళకు ముందే చుట్టి మూలకు చేర్తుము. సావడిలో కాళ్ళుకడుగు చప్పుడు విని బొంత చుట్టిన కాలమునకును ఈ కాలమునకును భేదమేమి? ఈ పర్యాయము మేము మూడుదినములు ముందుగా మావారితో, “ఆదివారము ఉదయమునుండి మధ్యాహ్నము వఱకు బల్ల నాకు కావలయును” అని చెప్పితిమి. బ్రతిమాలలేదు, కోపింపనులేదు. వారు శనివారము రాత్రియే కట్టలను బీరువాపైకి చేర్చిరి. ఆ పూట అందఱమును కంచములు చేతబట్టుకొని వంటగదిలో తింటిమి.

అత్తగారు కుర్చీలో కూర్చుండి బల్లకు చేరబడిరి. నడుమ పిన్నీసులు మేము పెట్టితిమి, రాచుట యామెది. కన్ను మసకయైనను, కాగితమంత పలుచని ముడుతను ఆమె అఱచేయి పట్టుకొనినది. 5 అడుగుల చదరపు బొంత, నాలుగు పొరలు, 64 పిన్నీసులు. రెండున్నర గంటలు పట్టినది. తరువాత బొంత బల్లను విడిచి ఆమె ఒడిలోనికి పోయినది. అసలుకుట్టు సమముగా వచ్చుటకు ఆమె సూదిని ఎక్కడ వంచునో, దారము నెప్పుడు వదులునో ప్రక్కన కూర్చుండి చూచుచున్నాము. చేయి కుదురుకొనుచున్నది.

పసిబిడ్డలున్నవారికి మఱి రెండు సంగతులు. ఏడాది నిండువఱకు నిద్రించు బిడ్డపై బొంత కప్పరాదనియు, ప్రక్కలో మెత్తని వదులుబట్ట లుంచరాదనియు నేటి వైద్యులు చెప్పుదురు. ముఖముపైకి వచ్చి ఊపిరి కడ్డుపడును. మెలకువగా నున్నప్పుడు, పెద్దలు చూచుచుండగా, నేలపై పఱచి ఆడించుటకే దీనిని వాడవలయును. ఇక కచ్చాకుట్టుకు అసలుకుట్టులో కలియని రంగుదారము తీసికొనవలయును. అసలుకుట్టు ముగిసిన పిమ్మట దానిని ముక్కలుముక్కలుగా కత్తిరించి లాగివేసి, పగటి వెలుతురున రెండువైపుల చూడవలయును. విడిపోగు మిగిలిన పసివాని వ్రేలికి చుట్టుకొని బిగియును. పిన్నీసులను పెట్టునప్పుడు లెక్కపెట్టి వ్రాసికొని, తీయునప్పుడు మరల లెక్కపెట్టి, ఆ పిమ్మటనే ఉతికి గంజి వదలగొట్టవలయును. మా 64ను డబ్బాలోనికి వచ్చినవి.