తప్పు జవాబు వెనుక ఆలోచన: తీసివేత, భాగహారం మెట్టు మెట్టుగా

52 నుంచి 27 తీసివేస్తే ఎంత? చిన్న తరగతుల పలకలపై తరచుగా కనిపించే తప్పు జవాబు 35. ఇది కేవలం ఏమరుపాటు కాదు. రెండులోంచి ఏడు పోదని గ్రహించిన పిల్లలు, పెద్ద అంకె నుంచి చిన్న అంకెను తీసివేయాలనే నియమాన్ని తమకు తామే కల్పించుకుంటారు. 7 నుంచి 2 పోతే 5. 5 నుంచి 2 పోతే 3. ఇందులో తర్కం ఉంది, స్థానవిలువ లోపించింది.

ఈ లోపం ఎంత విస్తృతమో ప్రథమ్ సంస్థ వెలువరించే వార్షిక విద్యా స్థితి నివేదిక (అసర్) చెబుతోంది. 2024 నివేదిక ప్రకారం, గ్రామీణ భారతంలో మూడో తరగతి పిల్లల్లో కనీసం ఇటువంటి తీసివేత చేయగలిగినవారు 33.7 శాతం. మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవారు ఐదో తరగతిలో 30.7 శాతం, ఎనిమిదో తరగతిలో 45.8 శాతం.

తీసివేత: అప్పు కాదు, చిల్లర

52 అంటే 5 పదులు, 2 ఒకట్లు. రెండు ఒకట్ల నుంచి ఏడు తీయలేం కనుక ఒక పదిని పది ఒకట్లుగా విడదీయాలి. అప్పుడు 4 పదులు, 12 ఒకట్లు అవుతాయి. 12 నుంచి 7 పోతే 5. 4 పదుల నుంచి 2 పదులు పోతే 2 పదులు. జవాబు 25. సరిచూసేందుకు 25కు 27 కలిపితే 52 రావాలి.

దీన్ని బడిలో ‘అప్పు తెచ్చుకోవడం’ అంటారు. కానీ అప్పు తిరిగి తీర్చాలి. ఇక్కడ తీర్చేదేమీ లేదు. పది రూపాయల నోటును పది రూపాయి నాణేలుగా మార్చుకున్నట్లే, విలువ మారదు, రూపమే మారుతుంది.

భాగహారం: సున్నా విలువ

618 రూపాయలను ఆరుగురికి సమంగా పంచాలి. 6 వందల్లో తలా ఒక వంద వస్తుంది. మిగిలిన ఒక పదిని పదిగానే ఆరుగురికి పంచలేం. కాబట్టి భాగఫలంలో పదుల స్థానంలో 0 వేయాలి. ఆ పదిని ఒకట్లుగా మార్చి 8తో కలిపితే 18. తలా మూడు. జవాబు 103, శేషం సున్నా.

సున్నా మరిచిపోతే 13 వస్తుంది. 600ను ఆరుగురికి పంచినా తలా 100 వస్తుందని ముందే అంచనా వేసుకుంటే, ఈ తప్పు వెంటనే బయటపడుతుంది.

భాష కూడా ఇక్కడ తోడ్పడుతుంది. తెలుగులో ‘ఇరవై ఏడు’ అన్నప్పుడు పదులు ముందు, ఒకట్లు తరువాత, అంకెలు రాసే వరుసలోనే వినిపిస్తాయి. హిందీ ‘సత్తాయీస్’లో ఏడు ముందు వస్తుంది. అయితే ‘నూట మూడు’ అన్న మాటలో పదుల ఊసే లేదు. రాతలో ఆ ఖాళీని సున్నాతో నింపాలి.

కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్లలో పనిచేసే పిల్లలు బేరాల లెక్కలు మనసులోనే సరిగా చేస్తూ, బడి తరహా లెక్కల దగ్గర తడబడుతున్నారని అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో తదితరులు 2025లో ‘నేచర్’ పత్రికలో వెల్లడించారు. అంటే లోటు తెలివిలో లేదు. చేతిలోని చిల్లరకూ, కాగితంపై అంకెకూ మధ్య వంతెనలో ఉంది.

అందుకే జవాబు తప్పినప్పుడు కొట్టివేసే ముందు ‘ఇది నీకెలా వచ్చింది?’ అని అడగాలి. లెక్క ఏ మెట్టు దగ్గర జారిందో పిల్లల మాటల్లోనే తెలుస్తుంది.