మంచు కురవని ఊళ్లో కూలెంట్

నిర్మల్ నుంచి ఆదిలాబాద్‌కు పోయే పాత ఏడో నంబరు జాతీయ రహదారి మహబూబ్ ఘాట్ దగ్గర గుట్ట ఎక్కుతుంది. ఎండాకాలంలో ఆ మలుపుల్లో లారీ ఆగి, బానెట్ లేచి, ఆవిరి చిమ్ముతుంటే క్లీనరు తడిగుడ్డ అడ్డం పెట్టి రేడియేటర్ మూత తిప్పడం ఒక తరం వాళ్లకు బాగా తెలిసిన దృశ్యం. డబ్బాలో నీళ్లుంటే డబ్బావి, లేకుంటే వాగువి, కుంటవి. ఇంజిన్‌కు కావలసింది నీళ్లే కదా, ఏ నీళ్లయితేనేం అన్నది ఆనాటి లెక్క. అప్పటి ఇంజిన్లకు అది కొంతవరకు చెల్లింది. అదే లెక్కతో ఇవాళ్టికీ పాత మారుతీలో బోరు నీళ్లు పోసేవాళ్లు కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో ఉన్నారు. "మన దగ్గర మంచెక్కడ పడుతది సార్, కూలెంట్‌తోని పనేంది?" అని అడిగే మెకానిక్‌కు జవాబు చెప్పాలంటే వంద సంవత్సరాలకు పైగా వెనక్కి పోవాలి.

పెట్రోలు ఇంజిన్ లోపల మంట రెండు వేల డిగ్రీలు దాటుతుంది. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది. పెట్రోలులో ఉన్న శక్తిలో చక్రాల దాకా చేరేది నాలుగో వంతు, మహా అయితే ఇంకొంచెం. మిగిలిందంతా వేడే. అందులో కొంత సైలెన్సర్ గుండా పోతుంది, కొంత ఇంజిన్ గోడల్లోకి దిగుతుంది. ఆ గోడల్లోని వేడిని ఎప్పటికప్పుడు తోడేయాలి. 1886లో కార్ల్ బెంజ్ పేటెంట్ పొందిన మూడు చక్రాల బండిలో నీళ్లు మరిగి ఆవిరై పోవడమే చల్లబరిచే పద్ధతి. పోయిన నీళ్లు పోయినట్టే, మళ్లీ పోయాల్సిందే. 1888లో బెర్తా బెంజ్ ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకుని ఆ బండిని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్ దాకా, వంద కిలోమీటర్లకు పైగా నడిపినప్పుడు దారి పొడుగునా నీళ్లు పట్టుకుంటూ పోవాల్సి వచ్చింది. మన లారీ క్లీనర్ల పని అందరికంటే ముందు చేసింది ఆమే.

పోసిన నీళ్లనే చల్లార్చి మళ్లీ మళ్లీ వాడుకునే ఉపాయానికి పదును పెట్టినవాడు విల్‌హెల్మ్ మేబాక్. 1900–01లో వచ్చిన మెర్సిడెస్ 35 హెచ్‌పీ కారుకు ఆయన 8,070 సన్నటి గొట్టాలను కలిపి టంకం వేసి ఒక పలక చేశాడు. ఒక్కో గొట్టం ఆరు మిల్లీమీటర్ల చదరం. గొట్టాల్లోంచి గాలి, వాటి సందుల్లోంచి నీళ్లు. అంతకుముందు 18 లీటర్లు మోయాల్సిన చోట 9 లీటర్లతో పని జరిగింది. ఈ రోజు మన కార్ల ముందుండే రేడియేటర్ దాని మనవడే. 1908లో మొదలైన ఫోర్డ్ మోడల్ టీలో, తొలి రెండున్నర వేల బండ్లు పోగా, నీటి పంపు కూడా లేదు. వేడెక్కిన నీళ్లు తేలికై పైకి పోతాయి, చల్లబడ్డవి కిందికి దిగుతాయి, అంతే. కానీ నీళ్లు కాస్త తగ్గి పై గొట్టం కిందికి పోయాయంటే ఆ తిరుగుడు ఆగిపోతుంది.

మన దిక్కు చూస్తే, 1932లో నిజాం రాష్ట్ర రైల్వే 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. అవి స్కాట్లాండ్‌లో తయారైన ఆల్బియన్లు. ఎంత మంచి బస్సయినా రేడియేటర్‌కు ఊరి ఎండతో బేరం తప్పదు. నీళ్ల వేడికీ బయటి గాలి వేడికీ మధ్య ఎంత తేడా ఉంటే అంత వేడి బయటికి పోతుంది. ఇంజిన్ నీళ్లు 90 డిగ్రీల దగ్గర ఉన్నాయనుకుందాం. 20 డిగ్రీల గాలిలో తేడా 70. మే నెలలో రామగుండం గాలి 45 డిగ్రీలుంటే తేడా 45 మాత్రమే. అదే రేడియేటర్, అదే ఫ్యాను, చేయగలిగిన పనిలో మూడో వంతుకు పైగా కోత.

ఈ కోతను తట్టుకునేందుకే రేడియేటర్ మూత తెలివి నేర్చుకుంది. ఇప్పటి మూత ఉత్త మూత కాదు, ప్రెషర్ కుక్కర్ వెయిట్ లాంటిది. దాని మీద ఎంత ఒత్తిడిని ఆపుతుందో చెప్పే అంకె, 0.9 అనో 1.1 అనో, ఉంటుంది. 0.9 మూత లోపల నీళ్లు వందకు బదులు 118 డిగ్రీల దగ్గర గాని మరగవు. మూత రబ్బరు ఎండి పగిలిందంటే ఆ పద్దెనిమిది డిగ్రీలూ పోయినట్టే. బండి గరమైతే ముందు మార్చాల్సింది ఈ చవకైన మూతే. మన షెడ్లలో మాత్రం ముందు పీకేసేది థర్మోస్టాట్‌ను. దాని మైనపు రకాన్ని 1930ల్లో సెర్జియస్ వెర్నెట్ అమెరికాలో రూపుదిద్దాడు. చిన్న లోహపు గిన్నెలో మైనం ఉంటుంది. 82 డిగ్రీలకో 88కో అది కరిగి ఉబ్బి వాల్వును నెడుతుంది, అప్పటిదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వదు. ఎండల దేశంలో ఇదెందుకని దాన్ని తీసి పారేస్తారు. బాగున్న థర్మోస్టాట్ మే నెలలో ఎట్లాగూ పూర్తిగా తెరుచుకునే ఉంటుంది. తీసేస్తే వచ్చే లాభం సున్నా. నష్టం చలికాలంలో తెలుస్తుంది. ఆదిలాబాద్ జిల్లాలో రాత్రి వేడి 5 డిగ్రీల లోపుకు పడే రోజులున్నాయి. ఆ పొద్దున ఇంజిన్ వేడెక్కక పెట్రోలు ఎక్కువ తాగుతుంది, మండని పెట్రోలూ తేమా ఆయిల్లో కలుస్తాయి.

ఇక అసలు ద్రవం. ఇథిలీన్ గ్లైకాల్‌ను ఫ్రెంచి రసాయనవేత్త షార్ల్ అడాల్ఫ్ వుర్ట్జ్ 1850ల్లోనే తయారు చేశాడు. చాలాకాలం దానికి గట్టి పనేమీ దొరకలేదు. చలిదేశాల కార్లలో నీళ్లు గడ్డకట్టి ఇంజిన్ బ్లాకు పగలకుండా మొదట ఆల్కహాలు కలిపేవారు, అది వేడికి ఎగిరిపోయేది. 1927లో యూనియన్ కార్బైడ్ గ్లైకాల్‌ను ప్రెస్టోన్ పేరుతో అమ్మకానికి పెట్టింది. అవును, భోపాల్ వల్ల మనం మరచిపోలేని సంస్థే. గ్లైకాల్ 197 డిగ్రీలకు గాని మరగదు. విమానాల వాళ్లు ఈ గుణాన్ని ముందే పట్టుకున్నారు. ఇంజిన్‌ను ఇంకా వేడిగా నడిపితే చిన్న రేడియేటర్ చాలు, గాలి ఒరిపిడి తగ్గుతుంది. స్పిట్‌ఫైర్ విమానపు మెర్లిన్ ఇంజిన్ మొదటి రకాల్లో అచ్చంగా గ్లైకాలే నింపారు. తర్వాత 70 పాళ్ల నీళ్లు, 30 పాళ్ల గ్లైకాల్‌కు వచ్చారు.

ఎందుకు తగ్గించారో చూస్తే మన మెకానిక్ ప్రశ్నకు జవాబు సగం దొరుకుతుంది. వేడిని మోయడంలో నీటిని మించింది లేదు. సగం గ్లైకాల్ కలిపితే ఆ శక్తి అయిదో వంతు తగ్గుతుంది. అంటే కరీంనగర్‌లో మంచు సంగతి పక్కన పెడితే, చల్లబరచడానికి సైతం గ్లైకాల్ నీటికన్నా మెరుగు కాదు. మరుగు స్థానాన్ని పెంచుతుంది, అది నిజం. కానీ కూలెంట్ డబ్బాకు మనం ఇచ్చే డబ్బులో ఎక్కువ విలువ దానిలో పిడికెడు పాళ్లలో ఉండే మందులది. తుప్పు పట్టనివ్వని సిలికేట్లు, ఫాస్ఫేట్లు, సేంద్రియ ఆమ్లాల లవణాలు.

ఈ మందులు ఎందుకన్నదే మిగతా సగం జవాబు. అంబాసిడర్ పాత 1489 సీసీ ఇంజిన్‌లో బ్లాకూ హెడ్డూ రెండూ పోత ఇనుమే, రేడియేటర్ ఇత్తడి, రాగి. కుంట నీళ్లు పోసినా అది కొన్నేళ్లు ఓర్చుకుంది. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతీ 800 హెడ్డు అల్యూమినియం. అల్యూమినియం, ఇనుము, రాగి ఉప్పు నీళ్లలో కలిసి మునిగితే అది బ్యాటరీ అవుతుంది, అందులో కరిగిపోయేది అల్యూమినియమే. పైగా మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. ఒక మిల్లీమీటరు సున్నపు పొర దాదాపు పాతిక మిల్లీమీటర్ల ఇనుప గోడంతగా వేడిని అడ్డుకుంటుంది. తగ్గినప్పుడల్లా బోరు నీళ్లు పోయడమంటే ఆ పొర మీద మరో పూత వేయడమే.

ఆ మందులు కూడా శాశ్వతం కాదు. పాత రకం ఆకుపచ్చ కూలెంట్‌లో రెండేళ్లకు, సేంద్రియ రకంలో అయిదేళ్లకు అరిగిపోతాయి. తర్వాత గ్లైకాలే మెల్లగా పులిసి ఆమ్లమవుతుంది. మూత తీసినప్పుడు ఇటుకరంగు నీళ్లు కనిపిస్తే జంగు పట్టిందన్న మాటే. అప్పుడు పైన కాస్త పోసి ఊరుకుంటే కుదరదు, అంతా దించి కడగాలి. బండి పూర్తిగా చల్లారాక మూత తీసి, హీటర్ ఉంటే దాని మీటను వేడి వైపు తిప్పి, కింది హోస్ పైపు ఊడదీయాలి. శుభ్రమైన నీళ్లు నింపి, థర్మోస్టాట్ తెరుచుకునే దాకా ఇంజిన్ నడిపి, చల్లారనిచ్చి దించాలి. రంగు పోయేదాకా ఇదే పని. చివరి కడుగుడు డిస్టిల్డ్ వాటర్‌తో. ఎంత దించినా బ్లాకు మూలల్లో నీళ్లు మిగులుతాయి. అందుకే కలిపిన మిశ్రమం పోస్తే పలచబడుతుంది. మొత్తం పట్టేదానిలో సగం చిక్కటి కూలెంట్‌ను ముందు పోసి, మిగతాది డిస్టిల్డ్ వాటర్‌తో నింపడం తెలివైన పద్ధతి. రంగు చూసి జత చేయకూడదు, రంగులకు కంపెనీలన్నిటికీ ఒకే నియమం లేదు. వేర్వేరు రకాలు కలిస్తే జిగురుకట్టే ప్రమాదం ఉంది. ఆఖరున మూత తెరిచి ఇంజిన్ నడిపి గాలి బుడగలన్నీ వెళ్లనివ్వాలి. దించిన పాతది మోరీలో పోయవద్దు. అది తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకుతాయి, కొద్దిపాటిదే మూత్రపిండాలను చంపేస్తుంది.

గొట్టాలు మరీ పూడిపోతే పాత ఇత్తడి రేడియేటర్‌కు ఇంకో దారి ఉంది. పై ట్యాంకు టంకం విప్పి, సన్నటి ఊచలు గుచ్చి సాఫ్ చేసి మళ్లీ అతికే పనివాళ్లున్నారు. అల్యూమినియం, ప్లాస్టిక్‌తో చేసిన కొత్తవాటికి ఈ వైద్యం కుదరదు.

కడిగిన ఉత్సాహంలో చాలామంది బండికి ఫిట్టింగులు పెట్టిస్తారు. కొండగట్టు అంజన్న దగ్గర పూజ చేయించి ముందు కట్టే దండ గాలికి పెద్ద అడ్డమేమీ కాదు. అడ్డమయ్యేది గ్రిల్ ముందు బిగించే జోడు ఫాగ్ ల్యాంపులు, పెద్ద హారన్లు, బుల్ గార్డు. బుల్ గార్డును కేంద్రం 2017 డిసెంబరులోనే కాదంది. 55 వాట్ల ల్యాంపులు రెండు కలిసి తొమ్మిది ఆంపియర్లు లాగుతాయి, రిలే లేకుండా పాత స్విచ్చికి కలిపితే తీగ కాలుతుంది. ఏసీ సంగతి ఇంకా పెద్దది. దాని కండెన్సర్ రేడియేటర్ ముందే కూర్చుంటుంది. రామగుండం గాలిని అది ఇంకో పది డిగ్రీలు కాచి వెనక్కి పంపితే, మనం లెక్కేసిన 45 తేడా 35కు పడిపోతుంది. రెండో ఫ్యాను లేకుండా పాత కారుకు ఏసీ పెట్టించడం బేరం కాదు.

గ్యాస్ కిట్‌కు కూలెంట్‌తో నేరుగా చుట్టరికం. ట్యాంకులోని ఎల్పీజీ ద్రవం ఆవిరి కావడానికి వేడి కావాలి. ఆ వేడి కోసమే ఇంజిన్ నీళ్ల పైపును చీల్చి, ద్రవాన్ని ఆవిరి చేసే రెడ్యూసర్ చుట్టూ తిప్పుతారు. కూలెంట్ తగ్గినా, పైపులో గాలి ఇరుక్కున్నా 45 డిగ్రీల ఎండలో రెడ్యూసర్ మీద తెల్లగా మంచు పేరుకుంటుంది. కిట్ వేయించాక ఆర్టీఏ ఆఫీసులో ఆర్సీ మీద ఎక్కించడం మరవద్దు.

నన్నడిగితే పాత కారుకు పెట్టించాల్సిన మొదటి ఫిట్టింగు మంచి టెంపరేచర్ గేజి. అది కూడా కూలెంట్ మట్టాన్ని చెప్పే సెన్సరుతో కలిపి. ఎందుకంటే గేజి కొన నీళ్లలో మునిగి ఉన్నంతసేపే సరిగ్గా చెబుతుంది. హోస్ పగిలి నీళ్లన్నీ కారిపోయాక అది కొలిచేది ఉత్త ఆవిరినీ గాలినీ. హెడ్ గాస్కెట్ కాలిపోతున్నా ముల్లు మధ్యలోనే నిలబడొచ్చు.