వెలుగును విను యంత్రము

పల్నాటి మిరపచేలలో దినమెల్ల ఎండలో వంగి పనిచేయు స్త్రీకి రొమ్మున గడ్డ తగిలినచో, ఇంటివారు మొదట తలచునది గుంటూరు ప్రయాణము. మాచర్ల నుండి అది నూరు కిలోమీటర్లకు పైబడిన దారి. అట్టి గడ్డను కోతలేక, ఎక్స్‌రేలేక పరీక్షించు క్రొత్త విద్యను మేము స్వాగతించుచున్నాము. కాని యొక ప్రశ్న అడుగక విడువలేము.

వెలుగు దేహములో మిల్లీమీటరు దూరము పోవునప్పటికే చెదరును. ధ్వని యంతగా చెదరదు. ఈ రెంటిని కలుపుటయే ఫోటో ఎకౌస్టిక్ విద్య. సెకనులో నూరుకోట్లవ వంతులు కొన్ని మాత్రమే నిలుచు లేసరు మెరుపు రక్తములోని హిమోగ్లోబినును తాకును. అది డిగ్రీలో వేయవ వంతుల పాటి వేడెక్కి, ఉబ్బి, చెవికి వినరాని ధ్వని చేయును. చర్మముపై నుంచిన అల్ట్రాసౌండు గ్రాహకము దానిని పట్టి రక్తనాళముల బొమ్మ గట్టును. కాన్సరు గడ్డ తన పోషణకు క్రొత్త నాళములను కల్పించుకొనును గనుక దాని గుట్టు బయటపడును. చూపు లోతు మాత్రము కొన్ని సెంటీమీటర్లే.

వెలుగు తాకిన వస్తువు ధ్వనించునని 1880లో కనుగొన్నవాడు టెలిఫోను బెల్లే! వెలుగుధ్వనుల పొత్తు మనవారికిని క్రొత్త గాదు. అల్ట్రాసౌండు వెలుగును వంచు తీరును 1935 మొదలు రామన్, నాగేంద్రనాథులు వివరించిరి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తున సూరి భగవంతముగారు ఆ త్రోవనే పరిశోధించిరి. 2019లో కొత్తపల్లి శ్రీరాజశేఖరుగారు స్టాన్‌ఫర్డు పరిశోధకులతో కూడి ప్రోస్టేటు గ్రంథిని ఈ విద్యచే చిత్రించిరి. రొమ్ము గడ్డలను పరీక్షించు ఇమాజియో యంత్రమునకు 2021లో అమెరికా ప్రభుత్వ అనుమతి లభించినది.

ఇక మా ప్రశ్న. వెలుగు మొదట దాటవలసినది చర్మమును. చర్మమునకు నలుపునిచ్చు మెలనిను ఆ వెలుగును మ్రింగి తానును ధ్వనించును. గడ్డకు చేరు వెలుగు తగ్గును, బొమ్మలో రొద హెచ్చును. కోవిడు కాలమున వ్రేలికి తగిలించుకొన్న పల్స్ ఆక్సీమీటరును పాఠకులు మరచియుండరు. నల్లవారి రక్తమున ప్రాణవాయువు తగ్గినను, తగ్గలేదని అది తెల్లవారి విషయమున కంటె తరచుగా చూపినట్లు 2020లో అమెరికాలో తేలినది. ఈ యంత్రమును ఎవరి దేహములపై సరిచూచిరి?

అమ్మవచ్చువారు ఆ లెక్క ముందుగా చూపవలెను. గురజాల ఎండకు కమిలిన చర్మముపై, ఆ స్త్రీల సమ్మతితో, మన వైద్యకళాశాలలలో మరల పరీక్ష జరుగవలెను. లేసరుకు బదులు ఎల్‌ఈడీలు వాడు చౌక యంత్రములును వచ్చినవి. మన జిల్లాలకు మొదట చేరునవి బహుశః అవియే. ఎల్‌ఈడీ వెలుగు లేసరు కంటె బలహీనము గనుక, వాని విషయమున ఈ పరీక్ష మరింత నిక్కచ్చిగా జరుగవలసియున్నది.